ఆషాఢం లేని లంక

మూడో రేవులో మొదటి పడవ ఇంకా కదల్లేదు.

ఎనిమిదింబావుకే బయల్దేరాల్సిన పడవ అది. తొమ్మిదీ పావు దాటింది. కంట్రోల్ రూము గోడ నిండా పరుచుకున్న తెర మీద ముప్ఫై ఎనిమిది ఆకుపచ్చ చుక్కలు పడవలో బుద్ధిగా కూర్చుని ఉన్నాయి. మిగతా పన్నెండు చుక్కలూ ఒక ఇంటి గుమ్మంలోంచి అంగుళం కదలడం లేదు. పడవకేమో, జాబితాలో ఉన్న యాభై మందీ ఎక్కితేగానీ తాడు వదలకూడదని ఆజ్ఞ. ఆ ఆజ్ఞ రాసింది సత్యవేణే.

"మేడమ్, రెండో రేవులోనూ ఇదే గోల," అన్నాడు పడవలు చూసుకునే లారెన్సు. "సగం మంది ఎక్కి కూర్చున్నారు, సగం మంది గుమ్మాల్లో నిలబడ్డారు. ఎవరి కోసం చూస్తున్నారో ఏమో!"

"ప్రతిలంకలో ఏమవుతోంది?"

"ఏమవుతుంది మేడమ్, అక్కడ అందరూ ఎప్పుడో ఒడ్డు చేరి ఇడ్లీలు తింటున్నారు."

మామూలు రోజైతే సత్యవేణి నవ్వేదే. ఇవాళ నవ్వు రాలేదు.

ప్రతిలంక అంటే కంప్యూటర్లో కట్టిన చింతగట్టులంక. గోదావరి రెండు పాయల నడుమ ఉన్న అసలు లంకకి అచ్చమైన నకలు. సత్యవేణీ, ఆమె గురువు దక్షిణామూర్తి గారూ ఆరేళ్ళు కూర్చుని కట్టారు. ఏటిని గజం గజం ముక్కలుగా కోసి, ఏ ముక్కలోంచి ఏ ముక్కలోకి ఎంత నీరు పోతుందో లెక్క కట్టడం అందులో సగం పని. అది తేలిక సగం. నీటికి పంతాలుండవు, అలకలుండవు. కష్టమంతా రెండో సగంలో ఉంది, మనుషుల్లో. లంకలో ఉన్న రెండు వేల నూట పద్ధెనిమిది మందికీ ఒక్కొక్క బొమ్మను తయారు చేశారు. గేదెను వదిలి రాని మనిషికి గేదెను వదిలి రాని బొమ్మ. పక్కింటివాళ్ళు కదిలితేగానీ కదలని ఇల్లాలికి అలాంటి బొమ్మే. ఆ బొమ్మల మీదికి పదివేల సార్లు వరద తెచ్చి, ఒక్క ప్రాణమైనా పోకుండా పడవలు నడిపే వరస కనిపెట్టారు. లంకలో మనిషి మనిషికీ చేతికి పట్టీ కట్టారు. పట్టీ వెలిగితే ఆ ఇంటి వంతు వచ్చినట్టు. పట్టీ కట్టుకున్నవాళ్ళు ఎక్కడున్నా తెర మీద చుక్కలా కనిపిస్తారు.

ఇదంతా గాలిలో మేడ కాదు. రెండేళ్ళ కిందట భాద్రపదంలో వచ్చిన వరదకి లంక మొత్తం నాలుగు గంటల్లో ఖాళీ అయింది. కోడిపిల్ల కూడా పోలేదు. ఆ రోజున దక్షిణామూర్తి గారు, అరవై నాలుగేళ్ళ మనిషి, ఈ గదిలోనే చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు.

ఈసారి వరద రెండు నెలలు ముందొచ్చింది. పైనుంచి వచ్చే పోటు ఒంటిగంటకి లంకను ముంచేస్తుంది. లంకకి దిగువ చివరనున్న పల్లపు వీధినైతే పదకొండున్నరకే ముంచుతుంది. సత్యవేణి పుట్టింది ఆ వీధిలోనే. ఆమె అక్క మంగతాయారు, బావ ఏడుకొండలు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. అక్కడ రేవు లేదు, జనమూ కొద్దిమందే కాబట్టి వాళ్ళ వంతు ఆఖరిది. పై వీధుల పడవలు తిరిగొచ్చి వాళ్ళను ఎక్కించుకోవాలి. మూడో రేవులో పడవ ఇలా తిష్ఠ వేసుకుని కూర్చుంటే ఆ వంతు వచ్చేదెప్పుడు?

"ఏదో వదిలేశాం అమ్మాయ్," అన్నారు దక్షిణామూర్తి గారు, తెర దగ్గరగా వెళ్ళి. "బొమ్మలు ఎక్కుతున్నాయి, మనుషులు ఎక్కడం లేదు. మనుషులకి తెలిసినదేదో బొమ్మలకి తెలీదు. ఏమిటది?"

సత్యవేణి అక్కకి ఫోన్ చేసింది.

"అక్కా, నడివీధి వాళ్ళు పడవెందుకు ఎక్కట్లేదే? రామాయమ్మత్త వాళ్ళ గుమ్మంలో చేరి పన్నెండు మంది అలా నిలబడిపోయారు."

"ఎక్కడికి ఎక్కమంటావే? పడవలు ఎక్కడికెళ్తన్నాయి?"

"తాటిమూడి హైస్కూలుకి. నిన్ననే చాటింపు వేశారుగా."

"ఆ తాటిమూడికే గదా బాధ! ఏంటే, అంత చదూకున్నదానివి, నేను సెప్పాలా నీకు? ఆషాఢమే ఇది. రామాయమ్మత్త మనవరాల్ని తాటిమూడే ఇచ్చారు. మన కుసుమనీ అక్కడే ఇచ్చాం. గట్టు తెగేలా ఉందని ఆ ఊరోళ్ళని కూడా ఆ బళ్ళోకే తోలారంట, అత్తలందరూ అక్కడే కూకున్నారు. కొత్తకోడలు ఆషాఢంలో అత్తున్న గడప తొక్కుతాదా? తొలేడాదే అత్తాకోడళ్ళు ఒకే గడప దాటితే ఆ కాపరం ఏం కాను?"

"ప్రాణం మీదికొస్తే గడపేంటే అక్కా!"

"ప్రాణం మీదికొచ్చిందని ఇక్కడెవరనుకుంటన్నారు? ఈ పడవ పోతే ఇంకోటి ఒత్తాది, అది అవతలొడ్డుకి పోతాదేమో సూద్దాం అంటన్నారు. నీ పడవలంటే అంత నమ్మకం మరి. రెండేళ్ళ కిందట రాలేదా ఏంటి?"

"కుసుమ ఇంట్లోనే ఉందా?"

"లేకపోతే ఎక్కడుంటాది? ఒచ్చి పది రోజులైంది. ఇదిగో, అట్లు పోత్తంది."

ఫోన్ పెట్టేసి సత్యవేణి తెర మీద పల్లపు వీధిని చూసింది. అక్క ఇంట్లో రెండే చుక్కలున్నాయి. ఒకటి అక్క, రెండోది బావ. అక్క కూతురు కుసుమ లేదు. ఇళ్ళ లెక్క ఈ ఏడు కొత్తగా రాసింది మాఘమాసంలో. అప్పటికి కుసుమ అత్తారింట్లో ఉంది కాబట్టి లంకలో ఆ పిల్లకి పట్టీ లేదు, బొమ్మ లేదు. ఇంకా ఇలాంటి కొత్త పెళ్ళికూతుళ్ళు ఎంతమంది వచ్చి ఉన్నారో ఆ గదిలో ఎవరికీ తెలియదు. ఏ ఇల్లూ ఆడపిల్లను వదిలి పడవెక్కదు. ఆ ఇల్లు ఎక్కకపోతే పడవ కదలదు.

అసలు పాపం వేరే ఉంది. అది సత్యవేణికి ఒక్కదానికే తెలుసు.

ఆ మాఘంలో పొదుపు సంఘం ఆడవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాశారు. కాగితం చివర్న 'ఇతర విషయాలు' అని ఒక గడి ఉండేది. దాన్నిండా వాళ్ళకి తోచినవన్నీ రాశారు. ఆషాఢంలో కూతురు ఇక్కడే ఉంటుంది. అల్లుడు ఆ నెల గడప తొక్కడు. మంగళవారం ఆడపిల్లని పంపం. వాటన్నిటినీ సత్యవేణి కంప్యూటర్లోకి ఎక్కించింది కూడా. ఆ తర్వాత బెంగుళూరులో ఒక సభలో ప్రతిలంక గురించి చెబుతుంటే, ముందు వరసలో కూర్చున్న పెద్దమనిషి ఒకాయన, "అయితే మీ బొమ్మలు పంచాంగం కూడా చూస్తాయన్నమాట!" అన్నాడు. సభంతా గొల్లుమంది. సత్యవేణి కూడా నవ్వింది. లంకలోంచి వచ్చి, రేవు దాటి బడికెళ్ళి, ఇంత దూరం వచ్చిన మనిషి. మళ్ళీ తనను లంక పిల్లలా చూశారని లోపల కుతకుతలాడిపోయింది. ఆ రోజే హోటల్ గదికి వచ్చి ఆ గడిని మొత్తం చెరిపేసింది. అనవసరమైనవి తీసేయడమే ఈ శాస్త్రంలో సగం పని అని, ఏం తీసేసిందో చెప్పకుండా గురువుగారితో అంటే, ఆయన తల ఊపారు.

ఇప్పుడు ఆయన వైపు తిరిగి ఒక్క మాటే అంది. "సర్, ఆషాఢం."

ఆయన ఒక క్షణం తెల్లబోయారు. మరుక్షణం అర్థమై నుదురు కొట్టుకున్నారు. "బడి మార్చు. ఇంకెక్కడ చోటుంది?"

"అవతలొడ్డున కొబ్బరి గిడ్డంగి. కానీ దూరం సర్. పద్ధెనిమిది నిమిషాల ప్రయాణం నలభై నిమిషాలవుతుంది."

"ఇక్కడ గంటల తరబడి కూర్చోవడం కన్నా నయమేగా."

పడవలు అవతలొడ్డుకి వెళ్తున్నాయని పట్టీల్లో కబురు పలికింది. పది నిమిషాల్లో గుమ్మాలు ఖాళీ అయ్యాయి. "అయ్యబాబోయ్, పరిగెత్తుకొస్తున్నారు మేడమ్!" అని లారెన్సు కేకపెట్టాడు. మూడో రేవులో పడవలు ఒకదాని వెనక ఒకటి తాళ్ళు వదిలాయి. తర్వాత రెండో రేవువి, ఆ తర్వాత మొదటి రేవువి. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సత్యవేణి మాత్రం చెరిపేసిన ఆ గడిని పాత ప్రతిలోంచి మళ్ళీ తెచ్చి, ఆషాఢాన్ని బొమ్మలకి నేర్పి, ప్రతిలంకను మొదటి నుంచీ నడిపించింది.

పదీ ఇరవైకి ఫలితం వచ్చింది.

పోయిన గంటన్నర ఇక తిరిగి రాదు. పై వీధుల వాళ్ళందరూ దాటుతారు. పల్లపు వీధికి వెళ్ళేందుకు పడవ మిగలదు. అక్కడ ఇరవై మూడు చుక్కలు. హెలికాప్టర్ వాళ్ళు ఈ గాలివానలో లేవలేమని పొద్దున్నే చెప్పేశారు. పల్లపు వీధి జనానికి పడవ రాదని తెలిస్తే నడుంలోతు నీళ్ళలో పడి ఎగువ రేవుకి పరుగెడతారు. అక్కడ ఆఖరి పడవ మీద ఎగబడతారు. అది బోల్తా పడుతుంది. పదివేల సార్లలో ఏడువేల సార్లు అలాగే పడింది. తెలియకపోతే ఇళ్ళ దగ్గరే పడవ కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఎగువ రేవు వాళ్ళు బతుకుతారు. కింద ప్రతిలంక తన సలహా కూడా రాసింది: పల్లపు వీధికి సమాచారం ఇవ్వరాదు.

లారెన్సు అది చదివి కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

"అమ్మాయ్," అన్నారు దక్షిణామూర్తి గారు. "అక్కడ ఇరవై మూడు మంది. ఎగువ రేవులో యాభై మంది పడవకి ఇప్పటికే తొంభై మంది. నేను కావాలని అంటున్నానా చెప్పు?"

"ఇరవై మూడు కాదు సర్. నా అక్క కూతురికి చుక్కే లేదు."

"తెలుసు. అందుకే ఆ ఫోన్ నువ్వు ఎత్తవద్దు. నేను ఎత్తుతాను."

అప్పటికే ఫోన్ మోగుతోంది. తెర మీద అక్క పేరు. సత్యవేణి దాన్ని చూస్తూ కూర్చుంది. మంగతాయారు బొమ్మ ఏం చేస్తుందో ఆమెకు కంఠతా వచ్చు. విన్న మాట వీధంతా చెబుతుంది, నూటికి తొంభై నాలుగు పాళ్ళు. చెప్పి జనాన్ని వెంటబెట్టుకుని ఎగువకి పరుగెడుతుంది. ఆ అంకెలు వేసింది కూడా తనే. చిన్నప్పటి నుంచీ అక్క నోరు ఎంత పెద్దదో తనకి తెలియదా! ఏడోసారి మోగేసరికి మాత్రం ఆమెకి ఇంకొకటి తట్టింది. ఈ పదివేల సార్లలో ఒక్కసారైనా ఆ బొమ్మలకి కబురుతోపాటు కారణం చెప్పారా? లేదు. పడవ వస్తుందనో రాదనో చెప్పేవాళ్ళు, అంతే. ఎందుకో చెప్పడానికి వాటికి చెవి కూడా పెట్టలేదు.

ఫోన్ ఎత్తింది.

"ఎప్పుడొత్తాదే పడవ? నీళ్ళు సావిట్లోకి ఒచ్చేత్తన్నాయి."

"అక్కా, పడవ రాదు."

దక్షిణామూర్తి గారు కళ్ళు మూసుకున్నారు.

"విను అక్కా. మీరు ఎగువ రేవుకి వెళ్ళకండి. అక్కడ ఒక్కటే పడవుంది, తొంభై మంది ఉన్నారు. మీరూ ఎక్కితే తిరగబడిపోతుంది. అందరూ పోతారు. మీకు చెప్పొద్దనుకున్నారు. నేను చెబుతున్నాను." ఏడుపొచ్చేసింది. "నాకు ఇంకో దారి తెలీట్లేదే అక్కా."

మంగతాయారు గొంతు వినిపించింది. అందులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఎంతసేపుంది?"

"గంట. అంతకన్నా తక్కువే."

"సరే. ఏడవకు. ఎవరూ రారని తెలిసింది గదా, మా పని మేం సూసుకుంటాం." ఆ వెంటనే వీధి అదిరిపోయేలా ఒక కేక. "ఓరి నాయనోయ్, అందరూ ఇటు రండర్రా!" ఫోన్ తెగిపోయింది.

తర్వాత ఆ గదిలో ఎవరూ కూర్చోలేదు. ఒక తెర మీద ప్రతిలంక, దాని పక్కన అసలు లంక. ప్రతిలంకలో పల్లపు వీధి బొమ్మలు బిలబిలమంటూ ఎగువ రేవుకి పరుగుతీశాయి. అసలు లంకలో ఇరవై మూడు చుక్కలూ అక్క గుమ్మం ముందు పోగయ్యాయి. రెండు నిమిషాలు అక్కడే ఉన్నాయి. తర్వాత కదిలాయి. ఎగువకి కాదు, దిగువకి.

"ఇదేంటి మేడమ్, అరటితోటలోకి పోతున్నారు?" అన్నాడు లారెన్సు. "అది ఇంకా పల్లం కదా! పిచ్చెక్కిందా వీళ్ళకి?"

సత్యవేణికి కూడా వెంటనే అర్థం కాలేదు. చుక్కలు తోటలో అటూ ఇటూ తిరుగుతున్నాయి, ఒకచోట చేరుతున్నాయి, మళ్ళీ విడిపోతున్నాయి. అప్పుడు తెలిసింది. "బొండలు నరుకుతున్నారు," అంది మెల్లగా. "తెప్పలు కడుతున్నారు లారెన్సూ. అరటి బొండలు మునగవు."

లంకలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలిసిన విద్య అది. నాలుగు అరటి మానులు పక్కపక్కన పేర్చి, వెదురు కర్ర గుచ్చి, తాటినార బిగిస్తే చాలు. సత్యవేణి స్వయంగా అలాంటి తెప్ప మీద పాయ దాటి బడికెళ్ళిన మనిషి. బొమ్మలకి మాత్రం నేర్పలేదు. పడవలుండగా తెప్పలెందుకు అనుకుంది.

పదకొండూ పదికి మొదటి తెప్ప కదిలింది, తొమ్మిది చుక్కలతో. ఇంకో పదకొండు రెండో తెప్ప మీద. మూడోదాని దగ్గర మూడే చుక్కలున్నాయి. కుసుమ ఏ తెప్ప మీద ఉందో, అసలు ఉందో లేదో తెర చెప్పదు. సత్యవేణి ఆ మూడో తెప్ప మీది నుంచి చూపు తిప్పలేకపోయింది. అక్క చుక్క అక్కడుంది. అంటే కుసుమ కూడా అక్కడే. బావ చుక్క కూడా ఉంది, కానీ తెప్ప కదిలినా అది కదల్లేదు. తోట గట్టు దగ్గరే ఆగిపోయింది. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు.

"ఎక్కు బావా, ఎక్కు," అంటోంది సత్యవేణి పైకే.

పదకొండూ ఇరవై రెండుకి ఆ చుక్క ఆరిపోయింది.

ఎగువ రేవు పడవ తొంభై మందితో క్షేమంగా ఒడ్డు చేరింది. లారెన్సు గదిలోంచే ఖాళీ అయిన పడవను దిగువకి మళ్ళించి, ఏటి మలుపు దగ్గర తెప్పలను అందుకున్నాడు. ఇరవై రెండు చుక్కలు. చుక్కలు లేనివాళ్ళు ఐదుగురు ఉన్నారని పడవ కెమెరాలో తలలు లెక్కపెట్టాక తెలిసింది. పసుపు రంగు పంజాబీ డ్రెస్సులో, వణుకుతూ, కుసుమ.

మధ్యాహ్నం మూడింటికి సత్యవేణి కొబ్బరి గిడ్డంగికి బయల్దేరింది. జీపు ఎక్కబోతుంటే దక్షిణామూర్తి గారు చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ గడి సంగతి ఆమె ఆయనకి అప్పటికే చెప్పేసింది.

"వెళ్ళు, మీ వాళ్ళ దగ్గర ఉండు. కానీ ఆ మాట అక్కడ అనకు అమ్మాయ్. ఇంకో పద్ధెనిమిది లంకలకి ఇలాంటిది కట్టమంటున్నారు. తప్పు సరిదిద్దుకుందాం, కట్టి ఇద్దాం. నువ్వు నోరు జారావంటే రేపే దీన్ని మూసేస్తారు. అప్పుడు ఆ లంకలకి ఏముంటుంది? ఆలోచించు."

దారంతా ఆలోచిస్తూనే ఉంది. ఆయన అబద్ధం చెప్పలేదు, అదే కష్టంగా ఉంది.

గిడ్డంగిలో తడి బట్టల వాసన, కొబ్బరి పీచు వాసన కలిసి ముక్కు పట్టేస్తోంది. పీచు మోపుల మీద జనం. ఒక మూల మంగతాయారు కూర్చుని ఉంది. ఆమె ఒళ్ళో తల పెట్టుకుని కుసుమ పడుకుంది. చుట్టూ పల్లపు వీధి వాళ్ళు. సత్యవేణిని చూడగానే అక్క చెయ్యి చాచింది.

"ఇదిగో, మా చెల్లెలు! ఇదే మమ్మల్ని బతికించింది," అంది చుట్టూ ఉన్నవాళ్ళతో, బొంగురుపోయిన గొంతుతో. "పెద్ద పెద్దోళ్ళు సెప్పొద్దన్నా సెప్పింది. లేపోతే మేం సావిట్లో కూకుని పడవ కోసం సూత్తా పోయేవోళ్ళం." తర్వాత చెల్లెలి భుజం మీద తల వాల్చి గొంతు తగ్గించింది. "మీ బావ తాడు పట్టుకుని నిలబడ్డాడే. ఆ ఒరవడికి తెప్ప ఆగట్లేదు. ఎవరో ఒకరు పట్టుకోపోతే మేం ఎక్కలేం. నేనెక్కాక వత్తానన్నాడు. నిజమే అనుకున్నాను."

ముసలాయన ఒకాయన వచ్చి సత్యవేణికి చేతులెత్తి దండం పెట్టాడు. ఎవరో పసిబిడ్డను తెచ్చి, తల మీద చెయ్యి పెట్టమ్మా అన్నారు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, ఇలా రా," అని మంగతాయారుని పీచు మోపుల వెనక్కి తీసుకెళ్ళింది. చెప్పేసింది. ఏదీ దాచలేదు. గడిలో ఆషాఢం గురించి రాసిన సంగతి, సభలో నవ్విన సంగతి, తను చెరిపేసిన సంగతి. "అది ఉండుంటే బడి ముందే మార్చేవాళ్ళం. గంటన్నర పోయేది కాదు. మీ వీధికి పడవ వచ్చేది. బావ..."

మంగతాయారు చెల్లెలి మొహంలోకి చూసింది. తిట్టలేదు. కొట్టలేదు. కొట్టినా బాగుండుననిపించింది సత్యవేణికి.

"ఎందుకు సెరిపేవే?" అంది చివరికి.

"సిగ్గేసింది."

"మమ్మల్ని సూసా?"

సత్యవేణి తలొంచుకుని, అవునంది.

మంగతాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఎవరెవరికి తెలుసు?"

"మా సార్‌కి. చెప్పొద్దన్నారు. చెబితే అంతా మూసేస్తారట, వేరే లంకలకి ఏమీ ఉండదట."

"పొద్దున్న కూడా సెప్పొద్దన్నారు గదా. సెప్పావు. మేం తొక్కిసలాడి సచ్చామా?"

మంగతాయారు ఆమె మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు ఎంత గట్టిగా ఉందంటే ఎముక నొప్పి పుట్టింది. అది కోపమో, ఆసరానో తెలియలేదు, బహుశా రెండూనేమో. అలాగే పట్టుకుని మోపుల వెనక నుంచి జనం మధ్యకి లాక్కొచ్చింది. కుసుమ లేచి కూర్చుని అమ్మ మొహం చూసి భయపడింది.

"ఇటు ఇనండర్రా," అంది మంగతాయారు. "మా చెల్లెలు ఒక మాట సెప్తాది. మజ్జిలో ఎవరూ మాటాడకండి."

గిడ్డంగి సద్దుమణిగింది. రేకుల మీద వాన చప్పుడు మాత్రమే ఉంది. వందల మొహాలు తన వైపు తిరిగాయి, ఇంకా ఆ కృతజ్ఞతతోనే. అక్క చెయ్యి వదల్లేదు.

"పోయిన మాఘంలో మీ ఆడవాళ్ళు ఒక కాగితం రాసిచ్చారు," అని మొదలుపెట్టింది సత్యవేణి.